ఆషాఢమంతా రెండు తెరల ముందు: ఒక ఆల్బమ్ డిజైనరు ప్రాజెక్టు డైరీ

జూన్ 28

ఆషాఢం మొదలై మూడు రోజులైంది. ముహూర్తాలు లేని ఈ నెలలో ఏటా కెమెరాలు సర్వీసుకు ఇచ్చుకోవడం, పాత హార్డ్‌డిస్కులు సర్దుకోవడం నాకు అలవాటు. ఈసారి మాత్రం నెల మొత్తాన్నీ ఒకే ప్రశ్నకు కేటాయించదలచుకున్నాను. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవారికి అద్దంలా మెరిసే గ్లాసీ స్క్రీన్ ఉన్న లాప్‌టాప్ పనికొస్తుందా, మెరుపు లేని మ్యాట్ స్క్రీన్ ఉన్నది పనికొస్తుందా అన్నదే ఆ ప్రశ్న. జూలై 25న శ్రావణం వస్తుంది. ఆలోగా మాటలతో కాక కొలతలతో ఒక నిర్ణయానికి రావాలి.

ఈ పనికి పురికొల్పింది గత నెలలో నేను చేసిన ఒక ఆల్బమ్. 12×36 అంగుళాల షీట్లు 40 ఉన్న ఆ ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం ఫోటోను ఒక షీటు నిండా పరిచాను. పెళ్లికూతురి నల్లని జుట్టు మీద పెళ్లికొడుకు చేయి, ఆ చేతి కింద తమలపాకు, ఆకు అంచు దాటి జుట్టులోకి జారిన ముదురు గోధుమరంగు ముద్ద, ఇంతే ఆ ఫోటో. స్క్రీన్ మీద జుట్టంతా ఒకే నల్లని మచ్చలా కనిపించడంతో, పాయలు విడివిడిగా తెలిసేదాకా, వెలుగునీడలను దిద్దే కర్వ్స్ అనే సాధనంలో నీడల భాగాన్ని పైకి లేపాను. మిగతా షీట్లలోనూ అదే పని చేశాను. ప్రింట్లు వచ్చాక చూస్తే జుట్టు నలుపు పోయి బూడిదరంగుకు తిరిగింది, నీడల్లో ఉండవలసిన నలకలన్నీ పైకి తేలాయి. ల్యాబ్‌లో మిషను దగ్గర కూర్చునే ఆయనను అడిగితే, “గురువుగారూ, మీ ఫైల్లోనే నలుపు లేదండీ, మా మిషను ఎక్కడి నుంచి తెస్తుంది?” అన్నారు. ఆయన మాట నిజమే. 22 షీట్లు నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను. డబ్బు కంటే, ఆ కుటుంబం మొదటిసారి ఆల్బమ్ తెరిచినప్పుడు ఆ షీటు అలా ఉన్నందుకు ఎక్కువ బాధపడ్డాను.

నా దగ్గర రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకటి 14 అంగుళాల ఓలెడ్ తెర (ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే రకం), 2880×1800 పిక్సెళ్లు, పైన నున్నని గాజు. రెండోది 15.6 అంగుళాల ఐపీఎస్ తెర (వెనక నుంచి దీపం వెలిగే ఎల్‌సీడీ రకం), 1920×1080 పిక్సెళ్లు, మ్యాట్. ఆ ఆల్బమ్ చేసింది గాజు తెర మీద. రెండింటికీ తెర రంగులు కొలిచే కలరీమీటరుతో కాలిబ్రేషన్ (రంగుల సరిదిద్దుబాటు) చేసే ఉంది. అయినా ఇలా జరిగిందంటే నాకు ఒక సంగతి తట్టింది. కలరీమీటరు తెరకు ఆనుకుని కూర్చుంటుంది, అందువల్ల గదిలో వెలుతురు దానికి కనపడదు. నా కంటికి మాత్రం తెర వెలుతురుతో పాటు తెర మీద పడి తిరిగివచ్చే గది వెలుతురు కూడా కలిసి చేరుతుంది. అది చూడనిది నేను చూస్తున్నాను. కాబట్టి కొలవవలసింది ఆ తిరిగివచ్చే వెలుతురునే.

జూన్ 30

తెర వెలుతురు కొలిచే ప్రత్యేకమైన మీటర్లు చాలా ఖరీదు. కానీ ఫోటోగ్రాఫరు చేతిలో అలాంటి మీటరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కెమెరాలోని స్పాట్ మీటరింగ్ నిజానికి ఒక చిన్న చోటి నుంచి వచ్చే వెలుతురును కొలిచేదే. కెనాన్, నికాన్ కెమెరాల మీటర్లు 12.5 అనే స్థిరాంకం మీద నడుస్తాయి. ఎఫ్ సంఖ్య (లెన్సు రంధ్రం కొలత) వర్గాన్ని ఆ 12.5తో గుణించి, వచ్చినదాన్ని షట్టర్ సమయంతోనూ ఐఎస్‌ఓతోనూ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) భాగిస్తే ఆ చోటి వెలుతురు నిట్లలో (తెర వెలుతురును కొలిచే ప్రమాణం) వస్తుంది. ఎఫ్ 4, ఐఎస్‌ఓ 100 అని స్థిరంగా పెట్టుకుంటే లెక్క మరీ తేలికవుతుంది. షట్టర్ వేగంలో గీత కింద ఉన్న అంకెను రెట్టింపు చేస్తే చాలు. 1/60 సెకను దగ్గర మీటరు ముల్లు మధ్యలో నిలిస్తే 120 నిట్లు, 1/100 దగ్గర నిలిస్తే 200 నిట్లు, పూర్తిగా 1 సెకను పడితే 2 నిట్లు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కెమెరాలో షట్టర్ అడుగులు మూడో వంతు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడం) చొప్పున ఉంటాయి, అంటే అడుగుకూ అడుగుకూ సుమారు 26 శాతం తేడా. అంతకంటే చిన్న తేడాలను ఈ డైరీలో నేను తేడాలుగా రాయను. నాకు కావలసినవి రెట్ల తేడాలు, వాటికి ఇది చాలు.

కెమెరాను ట్రైపాడ్ మీద సరిగ్గా నా కళ్లు ఉండే ఎత్తులో, కుర్చీ ఉండే చోట నిలిపాను. తెరను ఆర్పేసి దాని మీద కనిపించేదాన్ని కొలవడమే పని. ఆర్పిన గాజు తెరను ఈ దృష్టితో మొదటిసారి చూసినప్పుడు అందులో కిటికీ, ట్యూబ్‌లైటు, గోడ గడియారం, నా తెల్లచొక్కా, చొక్కా జేబులో పెన్ను కూడా స్పష్టంగా కనిపించాయి. ఆ ఆల్బమ్ చేసిన 12 రోజులూ నేను ఫోటోలను వీటన్నిటి మీదుగా చూశానన్నమాట.

జూలై 2

రాజమహేంద్రవరంలో మా స్టూడియో మేడ మీద ఉంది. పడమటి కిటికీ నా కుర్చీ వెనక పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు మబ్బు పట్టినా ఆకాశం తెల్లగా వెలుగుతోంది. కిటికీలోని ఆకాశం 1/2000 దగ్గర నిలిచింది, అంటే 4,000 నిట్లు. గాజు తెర మీద ఆ కిటికీ ప్రతిబింబం 1/100, అంటే 200 నిట్లు. సరిగ్గా 5 శాతం తిరిగి వస్తోంది. ఇందులో 4 శాతం గాజు స్వభావం. గాలి నుంచి 1.5 వక్రీభవన గుణకం ఉన్న గాజులోకి నిట్టనిలువుగా పడే వెలుతురులో అంత భాగం పైతలం నుంచే వెనుదిరుగుతుంది. గాజు ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత ఖరీదైనదైనా, పైన ప్రత్యేకమైన పూత లేకపోతే ఆ 4 శాతం తప్పదు. మిగిలిన కొంచెమూ లోపలి పొరల నుంచి వస్తోందని అనుకుంటున్నాను.

ఈ 200 నిట్లు ఎంత పెద్దవో లెక్క వేసి చూశాను. ఓలెడ్ తెరను పూర్తి వెలుగులో పెడితే తెలుపు 350 నిట్ల దగ్గర ఉంది. కిటికీ బొమ్మ పడిన చోట తెలుపు 550 అవుతుంది, నలుపు 200 అవుతుంది. ఓలెడ్ నలుపు అసలు వెలుతురే లేని నలుపని మనం ముచ్చటపడతాం కదా, ఆ తెరే కిటికీ బొమ్మ కింద తెలుపుకూ నలుపుకూ మధ్య మూడింతల తేడా కూడా చూపలేకపోయింది.

అదే చోట మ్యాట్ లాప్‌టాప్ పెట్టాను. కిటికీ ఆకారం కనపడలేదు, అంచుల్లేని తెల్లని మసక మాత్రం తెర మధ్యలో పరుచుకుంది. దాని నడిమధ్య 1/15, అంటే 30 నిట్లు. 200తో పోలిస్తే ఎంతో మేలు. కానీ అక్కడి నుంచి బెత్తెడు పక్కకు జరిగి, కిటికీ బొమ్మ పడని చోట కొలిస్తే మ్యాట్ తెర 1/5 చూపించింది, అంటే 10 నిట్లు. గాజు తెర మీద అదే చోట 1 సెకను, అంటే కేవలం 2 నిట్లు.

ఈ పూట కొలతల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. మ్యాట్ తెర వెలుతురును తగ్గించదు, చెదరగొడుతుంది. గాజు ఒకే చోటికి తిప్పిపంపే వెలుతురును మ్యాట్ తెర ఉపరితలం మీది సూక్ష్మమైన గరుకుదనం నలుదిక్కులా పంచిపెడుతుంది. అందుకే ఎక్కడా భరించలేనంత మెరుపు ఉండదు, ఎక్కడా పూర్తి నలుపూ ఉండదు. కాబట్టి “ఏది మంచిది” అని అడిగే ముందు “నా వెనక ఏముంది” అని అడగాలి.

జూలై 5

నా పోలికలో ఒక లోపం ఉంది. ఒకటి ఓలెడ్, ఒకటి ఐపీఎస్. పిక్సెళ్లు వేరు, పొరలు వేరు. తేడా పైతలానిదేనని ఎలా చెప్పగలను? అందుకని ఈ రోజు బజారులో లాప్‌టాప్‌లకు అంటించే మ్యాట్ స్క్రీన్ గార్డు ఒకటి కొని, దాన్ని నిలువుగా సగానికి కోసి, ఓలెడ్ తెరకు ఎడమ సగం మీద మాత్రమే అంటించాను. ఇప్పుడు ఒకే తెర, ఒకే పిక్సెళ్లు, ఎడమ పక్క మ్యాట్, కుడి పక్క గాజు.

అంటించేటప్పుడు దుమ్ము పడకుండా స్నానాలగదిలో వేడినీళ్లు వదిలి, ఆవిరికి దుమ్ము అణిగాక అక్కడే కూర్చుని చేశాను. నా తమ్ముడి వరస కుర్రాడొకడు పనిలో సాయం ఉంటాడు. అతను కార్డు ముక్కతో గాలిబుడగలను అంచులకు తోస్తూ, “అన్నయ్యా, మూలన ఒక్కటి మిగిలిపోయింది, లాగి మళ్లీ అంటిద్దామా?” అన్నాడు. వద్దన్నాను. ఒక మూల బుడగ మన కొలతకు అడ్డం కాదు, లాగితే జిగురు గీతలు మాత్రం అడ్డం.

ప్రతిబింబాల కొలతలు మొన్నటి లెక్కనే బలపరిచాయి. కిటికీ బొమ్మ ఫిల్మ్ ఉన్న సగంలో 1/20కి దిగింది, పక్కన నల్లగా ఉండవలసిన చోటు మాత్రం 1 సెకను నుంచి 1/5కి ఎగబాకింది. కాబట్టి తేడా ఓలెడ్‌దీ ఐపీఎస్‌దీ కాదు, పైతలానిదే.

కానీ కొలతల్లో దొరకనిది కంటికి దొరికింది. తెల్లని పేజీ తెరిచి చూస్తే ఎడమ సగం తెలుపు కాదు. తడి ఇసుక మీద ఎండ పడినట్టు ఎరుపు, పచ్చ, నీలం నలకలు మిణుకుమంటున్నాయి, తల కదిపితే అవీ కదులుతున్నాయి. ప్రింటు చుక్కలు చూసే భూతద్దం పెట్టి చూశాను. కుడి సగంలో ఒక్కో పిక్సెలూ అంచులతో సహా నిలబడి ఉంది. ఎడమ సగంలో ఫిల్మ్ మీది ఒక్కో బుడిపె చిన్న కటకంలా పనిచేసి, ఒకచోట ఎర్ర చుక్కను పెద్దది చేస్తోంది, పక్కనే పచ్చ చుక్కను మింగేస్తోంది. 14 అంగుళాల్లో 2880 పిక్సెళ్లంటే పిక్సెలుకూ పిక్సెలుకూ మధ్య దూరం సుమారు 0.105 మిల్లీమీటర్లు. ఫిల్మ్ గరుకు ఆ కొలతకు దగ్గరగా ఉంటే మిణుకు తప్పదు. పైగా గాజు మందం వల్ల ఫిల్మ్ పిక్సెళ్లకు దూరంగా ఉంది, దాంతో చెదరడం మరింత ఎక్కువైంది. నా ఐపీఎస్ లాప్‌టాప్‌లో పిక్సెళ్ల దూరం 0.18 మిల్లీమీటర్లు, గరుకుపొర పిక్సెళ్లకు దగ్గరగానే ఉంటుంది, అందుకే అందులో ఈ మిణుకు బాగా వెతికితేనే కనిపిస్తుంది.

తెలుగు అక్షరాలతో ఇంకో పరీక్ష చేశాను. ఆల్బమ్ మొదటి షీటులో శుభలేఖలోని మాటలు వేయడం మా అలవాటు. “లగ్నపత్రిక”, “సుముహూర్తము”, “శ్రీరస్తు” అన్న మాటలను చిన్న సైజులో పెట్టి చూస్తే, కుడి సగంలో గ కింది నకార ఒత్తు మెలిక దాకా చదవగలిగాను. ఎడమ సగంలో అది ఒత్తు అని తెలుస్తోంది, ఏ ఒత్తో తెలియడం లేదు. అక్షరం కింద అక్షరం పేర్చుకునే మన లిపికి తెర పదును ఎంత అవసరమో ఆంగ్లంలో పని చేసేవారికి అంతగా తెలియకపోవచ్చు. పత్రికల పేజీలు పెట్టే డీటీపీ మిత్రులు ఇలాంటి ఫిల్మ్ కొనే ముందు ఈ పరీక్ష తప్పక చేసుకోవాలి.

జూలై 7

రోజంతా వాన. ఆకాశం సాయంత్రానికి 1/400కి, అంటే 800 నిట్లకు దిగింది. కిటికీ బొమ్మ గాజు తెర మీద 40 నిట్లే. మొన్న 200 ఉన్నది ఇవాళ 40. ఒకే ఫైలును ఎండరోజున ఒకలా, వానరోజున ఇంకొకలా దిద్దుతున్నానని దీన్నిబట్టి తెలుస్తోంది. వేరే పనేమీ సాగలేదు.

జూలై 10

కిటికీకి దుప్పటి కట్టి, ట్యూబ్‌లైటు మాత్రమే వేసుకుని కొలిచాను. చాలామంది డిజైనర్లు పనిచేసే పరిస్థితి ఇదే కాబట్టి దీన్ని జాగ్రత్తగా చేయాలనుకున్నాను.

ప్రింటుకు వెళ్లే పనికి తెర తెలుపును 120 నిట్ల దగ్గర, అంటే కెమెరాలో 1/60 దగ్గర పెడతాను. ఆ స్థితిలో జీలకర్ర బెల్లం ఫోటోలో జుట్టు ఎక్కడ ఉందో ఐడ్రాపర్‌తో (ఒక చోటి రంగును అంకెల్లో చూపే సాధనం) చూశాను. నలుపు 0, తెలుపు 255 అయ్యే ఆ కొలతలో నిగనిగలాడే పాయలు 30 దగ్గర, వాటి మధ్య నీడలు 10 దగ్గర ఉన్నాయి. తెరల రంగులకు వాడే ఎస్‌ఆర్‌జీబీ లెక్క ప్రకారం 120 నిట్ల తెర మీద 10 అంటే 0.36 నిట్లు, 30 అంటే 1.56 నిట్లు. పాయకూ నీడకూ మధ్య నాలుగింతలకు మించిన తేడా ఉందన్నమాట. చీకటి గదిలో అయితే ఆ జుట్టులో ప్రతి పాయా కనిపించాలి.

ఇప్పుడు నా తెల్లచొక్కా సంగతి. ట్యూబ్‌లైటు కింద చొక్కా 1/40, అంటే 80 నిట్లు. గాజు తెర మీద దాని ప్రతిబింబం 1/2 సెకను, అంటే 4 నిట్లు. ఆ 4 నిట్ల పొర మీద పడగానే నీడ 4.36 అవుతుంది, పాయ 5.56 అవుతుంది. నాలుగింతల తేడా పావు వంతు తేడాకు పడిపోయింది. నేను మే నెలలో జుట్టును నల్లని మచ్చగా చూడడానికీ, కర్వ్స్ పైకి లేపడానికీ, ప్రింటు బూడిదరంగుకు తిరగడానికీ కారణం ఈ నాలుగు నిట్లే.

లోపలికి వెళ్లి నల్లచొక్కా వేసుకుని వచ్చాను. గాజు తెర మీద నేను కూర్చున్న మేర ప్రతిబింబం 6 సెకన్లకు దిగింది, అంటే 0.3 నిట్ల దరిదాపు. జుట్టులో పాయలు వాటంతట అవే పైకి వచ్చాయి. ఫైలులో నేను ఒక్క అంకె కూడా మార్చలేదు.

తర్వాత మ్యాట్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెల్లచొక్కాతో 5 నిట్లు, నల్లచొక్కాతో 4 నిట్లు. చొక్కా మార్చినా దానికి పెద్దగా తేడా లేదు, ఎందుకంటే మ్యాట్ తెర నా చొక్కాను మాత్రమే కాక ట్యూబ్‌లైటును, సున్నం వేసిన పైకప్పును, పక్క గోడలను, అన్నిటినీ కలిపి తీసుకుంటోంది. గాజు తెర ముందు కూర్చున్నవాడు ఎదురుగా కనిపించే ఒక్కదాన్ని సరిచేసుకుంటే సరిపోతుంది. మ్యాట్ తెర ముందు కూర్చున్నవాడు గది మొత్తాన్ని సరిచేయాలి. గ్లాసీ అంటే ఫోటోల పనికి పనికిరాదని ఇన్నాళ్లూ విన్నమాటను నమ్మాను. ఇవాళ ఆ నమ్మకం పోయింది.

జూలై 13, 14

రెండు రోజులు గది పనే. టేబులును పావు చుట్టు తిప్పి కిటికీ నా ఎడమ చేతివైపు వచ్చేలా పెట్టాం. ఇప్పుడు తెర నుంచి నా కంటికి వచ్చే దారిలో కిటికీ లేదు. కిటికీకి మందపు కర్టెను వేయించాను. కుర్చీ వెనక గోడకు రంగు మార్చే బదులు మూడు మీటర్ల ముదురు బూడిదరంగు గుడ్డను కర్టెను కడ్డీకి వేలాడదీశాను. స్టూడియోలో బ్యాక్‌గ్రౌండుగా వాడే గుడ్డే అది. గోడ గడియారాన్ని పక్క గోడకు మార్చాను. నడినెత్తిన ఉన్న ట్యూబ్‌లైటును తీసి, ప్రింట్లు చూసే బల్ల పైకి మార్చి, తెర వైపు వెలుతురు రాకుండా రేకు కట్టాను. ఆ ట్యూబును 5000 కెల్విన్‌ది (పగటి వెలుగు తెలుపుకు దగ్గరిది) పెట్టాను.

ప్రింటు బల్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టి, అది కూడా 1/60 చూపించేలా ట్యూబు ఎత్తును సరిచేశాను. తెర తెలుపు 1/60, కాగితం తెలుపు 1/60. కాగితం మీద పడే వెలుతురు అప్పుడు సుమారు 440 లక్సులు అవుతుంది. ప్రింట్లు చూడడానికి ఐఎస్‌ఓ 3664 అనే అంతర్జాతీయ ప్రమాణం మామూలు పరిశీలనకు చెప్పే 500 లక్సులకు ఇది దగ్గరే. ఇలా సమం చేశాక తెర నుంచి ప్రింటుకు చూపు తిప్పినప్పుడు కన్ను మళ్లీ సర్దుకోవలసిన అవసరం లేకుండా పోయింది. ఈ ఒక్క పనికి మీటరు కొననక్కరలేదు, ఉన్న కెమెరా చాలు.

కొత్త కొలతలు: గాజు తెర 5 సెకన్లు, అంటే 0.4 నిట్లు. మ్యాట్ తెర 1.3 సెకన్లు, అంటే సుమారు 1.5 నిట్లు. జుట్టులో పాయకూ నీడకూ తేడా గాజు మీద రెండున్నర రెట్లు, మ్యాట్ మీద ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. ఒకే గది, ఒకే రోజు, ఒకే ఫోటో. తెరకు సగం అంటించిన ఫిల్మ్‌ను ఈ సాయంత్రం నెమ్మదిగా లాగేశాను.

జూలై 17

గాజు గెలిచిందని ఇక్కడితో ఆపితే అది సగం నిజమే అవుతుంది. మా పనిలో సగం గది బయటే ఉంటుంది. ఫోటోలు ఎంపిక చేయించడానికి కస్టమరు ఇంటికి వెళ్తాం. ఈ రోజు కడియం దగ్గర ఒక ఇంటికి రెండు లాప్‌టాప్‌లూ తీసుకెళ్లాను. వరండాలో మంచం మీద లాప్‌టాప్ పెట్టారు. ఎదురుగా ముంగిలి, మొక్కలు, పగటి వెలుగు. చుట్టూ ఆరుగురు, ఒక్కొక్కరు ఒక్కో కోణంలో.

మొదట ఓలెడ్ తెరిచాను. పెళ్లికూతురు నాయనమ్మగారు ముందుకు వంగి చూసి, “ఇందులో నా మొహమే కనపడతందయ్యా, మా పిల్లేదీ?” అన్నారు. వెలుగు పూర్తిగా పెంచినా లాభం లేకపోయింది. లాప్‌టాప్‌ను ఎవరివైపు తిప్పితే వారికి కనిపిస్తోంది, మిగతా అయిదుగురికీ ముంగిలి కనిపిస్తోంది. గాజు తెర ముందు ఒక మనిషి తన వెనకను సర్దుకోగలడు, ఆరుగురు సర్దుకోలేరు.

మ్యాట్ లాప్‌టాప్ తెరిచి పూర్తి వెలుగులో, అంటే 300 నిట్ల దగ్గర పెట్టాను. నలుపులు పలచబడ్డాయి, పట్టుచీర ఎరుపు కాస్త వెలిసినట్టయింది, కానీ ఆరుగురికీ ముఖాలు కనిపించాయి. రెండు గంటల్లో 180 ఫోటోల ఎంపిక పూర్తయింది. అక్కడ జుట్టు పాయలు ఎవరికీ అక్కరలేదు, ఎవరి కళ్లు మూసుకున్నాయో, ఎవరు ఫోటోలో లేరో తెలిస్తే చాలు. ఆ పనికి మ్యాట్‌ను మించినది లేదు. నాయనమ్మగారు తలంబ్రాల ఫోటో దగ్గర చాలాసేపు ఆగి, దాన్ని పెద్దది చేసి వేయమన్నారు. అప్పుడు ఆవిడ తెరకు మరీ దగ్గరగా వంగి ఉన్నారు, అయినా ఆవిడ ముఖం తెర మీద పడలేదు.

జూలై 20

కొత్తగా లాప్‌టాప్ కొనాలనుకునే ఇద్దరు మిత్రులు నా కొలతల గురించి అడిగారు కాబట్టి కొంత చరిత్ర, కొంత శుభ్రం సంగతి రాసుకుంటున్నాను.

ఈ వాదన పాతదే. 2008 అక్టోబరులో ఆపిల్ కొత్త అల్యూమినియం మాక్‌బుక్ ప్రోను తెచ్చినప్పుడు 15 అంగుళాల మోడలుకు గాజు తెర ఒక్కటే ఇచ్చింది. ఫోటోలు, వీడియోల పని చేసేవారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2009లో మొదట 17 అంగుళాల మోడలుకు, తర్వాత 15 అంగుళాల మోడలుకు 50 డాలర్ల అదనంతో మ్యాట్ తెరను తెచ్చారు. 2012లో వచ్చిన, పిక్సెళ్లు మరీ చిన్నవైన రెటీనా తెర మోడళ్లకు ఆ ఎంపిక ఇవ్వలేదు. 2024 అక్టోబరులో మాక్‌బుక్ ప్రోకు నానో టెక్స్‌చర్ అనే పేరుతో, 150 డాలర్ల అదనంతో, మెరుపు తగ్గించిన తెర మళ్లీ వచ్చింది. దీనిలో పైన ఫిల్మ్ అంటించరు, గాజు ఉపరితలాన్నే అతి సూక్ష్మంగా చెక్కుతారు. గరుకు ఎంత సన్నగా ఉంటే ఈ నెల 5న నేను చూసిన మిణుకు అంత తగ్గుతుంది. పిక్సెళ్లు చిన్నవైన కొద్దీ మ్యాట్ చేయడం ఎందుకు కష్టమవుతుందో ఆ భూతద్దంలో చూశాక నాకు బాగా అర్థమైంది.

ఇంకొక దారి పూత. మన కెమెరా లెన్సు ముందు కనిపించే ఊదా, ఆకుపచ్చ మెరుపు ఆ పూతదే. మెగ్నీషియం ఫ్లోరైడును సుమారు 100 నానోమీటర్ల మందంలో ఒక్క పొర వేస్తే గాజు తిప్పిపంపే 4 శాతం దాదాపు 1.3 శాతానికి దిగుతుంది. ఇది చెదరగొట్టడం కాదు, నిజంగా తగ్గించడం. గాజు పదును పోదు, నలుపు పోదు. అందుకే మిత్రులకు నేను ఇచ్చే సలహా ఒక్కటే. దుకాణంలో లాప్‌టాప్‌ను ఆర్పించి, పైన ఉన్న లైటు ప్రతిబింబాన్ని చూడండి. అది తెల్లగా ఉంటే ఉత్త గాజు, ఊదాగానో ఆకుపచ్చగానో మసకబారి ఉంటే పూత ఉన్న గాజు. రెండు గాజు తెరలూ పక్కపక్కన ఉంటే ఈ తేడా క్షణంలో తెలుస్తుంది.

శుభ్రం విషయంలో రెండింటికీ రెండు గుణాలు. గాజు మీద వేలిముద్ర వెంటనే కనిపిస్తుంది, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో రెండుసార్లు తుడిస్తే పోతుంది. మ్యాట్ తెర మీద వేలి జిడ్డు గరుకు గుంటల్లోకి దిగి, అక్కడ నున్నని మెరుపు మచ్చలా తయారవుతుంది. గట్టిగా రుద్దితే గరుకే అరిగి ఆ మచ్చ శాశ్వతమవుతుంది. పాత లాప్‌టాప్‌కు అలా ఒక మూల పాడుచేసుకున్నాను. గుడ్డను డిస్టిల్డ్ వాటరుతో కొద్దిగా తడిపి, నీరు తెర మీద నేరుగా చల్లకుండా, ఒత్తకుండా తుడవాలి. కిటికీ అద్దాలు తుడిచే మందు దేనికీ వాడకూడదు. నానో టెక్స్‌చర్ తెరకైతే తయారీదారు ఇచ్చిన గుడ్డ తప్ప వేరేది వాడవద్దని వారే చెబుతున్నారు, కాబట్టి పెళ్లి పందిళ్లలో పసుపు చేతుల మధ్య తిరిగేవారు అది కొనే ముందు ఆలోచించుకోవాలి.

జూలై 23

జీలకర్ర బెల్లం షీటును మూల ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. నల్లచొక్కా వేసుకుని, కర్టెను మూసి, బూడిదరంగు గుడ్డ ముందు కూర్చుని, ఓలెడ్ తెర మీద దిద్దాను. మే నెలలో నీడలను పైకి లేపిన చోట ఈసారి కర్వ్స్‌ను ముట్టుకోలేదు. తమలపాకు పచ్చదనాన్ని మాత్రం కొద్దిగా తగ్గించాను. అదే ఫైలును మ్యాట్ లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే జుట్టు ఇంకా కొంచెం మూసుకుపోయినట్టే ఉంది. దాన్ని నమ్మి మార్చలేదు.

సాయంత్రం ల్యాబ్‌కు వెళ్లి ఒక్క షీటు ట్రయల్ ప్రింటు వేయించాను. మిషను దగ్గరి ఆయన షీటును వెలుతురు కిందకు తీసుకెళ్లి, జుట్టు దగ్గర బొటనవేలు ఆనించకుండా పైపైన చూపిస్తూ, “ఇదిగోండి గురువుగారూ, ఇప్పుడు నలుపు వచ్చింది” అన్నారు. స్టూడియోకు తెచ్చి ప్రింటు బల్ల మీద పరిచి, పక్కనే తెర మీద అదే చోటును తెరిచాను. తెర మీద ఆకు అంచు కింద అయిదు పాయలు విడిగా ఉన్నాయి. కాగితం మీద నాలుగు స్పష్టంగా ఉన్నాయి, అయిదోది వెతికితే ఉంది. కాగితం నలుపు తెర నలుపంత లోతుగా వెళ్లదు కాబట్టి ఆ ఒక్క పాయ తేడాను నేను ఒప్పుకుంటాను.

ఇక మీదట దిద్దుబాటు పని అంతా ఈ గదిలో గాజు తెర మీద, ఎంపికలూ కస్టమర్ల ఇళ్లకు వెళ్లే పనీ మ్యాట్ లాప్‌టాప్ మీద. తలుపు వెనక కొక్కేనికి నల్లచొక్కా ఒకటి శాశ్వతంగా తగిలించాను, నేను లేనప్పుడు కూర్చునే కుర్రాడికి ఇంకొకటి కొన్నాను. ఊడ్చేటప్పుడు టేబులు జరిగితే కొలతలన్నీ మారిపోతాయి కాబట్టి, దాని నాలుగు కాళ్ల చుట్టూ నేల మీద తెల్లటేపుతో గుర్తులు పెట్టి, తెర ఎంత వంపులో ఉండాలో తెలిసేలా ఒక అట్టముక్కను కోణానికి కోసి సొరుగులో ఉంచాను.